పుట్టగొడుగుల షెడ్డులో రాస్ప్‌బెర్రీ పై రిలే బోర్డు కిట్: రెండు వానాకాలాల వాడకం తర్వాత

రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద కూర్చునే బోర్డు ఇది. రెండు రిలేలు (పై చెప్తే కరెంటుని వేసి ఆపే స్విచ్చులు), సెన్సార్ వోల్టేజీని అంకెలుగా మార్చే ఎంసీపీ3008 ఏడీసీ చిప్, డీఎస్3231 గడియారం ఉంటాయి. విడిభాగాలు కవర్లో వేసి పంపుతారు, సోల్డరింగ్ మనదే. గడియారం చిప్ ఒక్కటే ముందుగా అతికించి ఉంటుంది. పర్లాకిమిడిలో మా వరిగడ్డి పుట్టగొడుగుల షెడ్డుకి రాస్ప్‌బెర్రీ పై 4 మోడల్ మీద పెట్టాం. వేడి 35 డిగ్రీలు దాటితే ఫ్యాన్ తిరగాలి, వేళకి నీటి తుంపర పడాలి. పని అంతే.

ఈ కిట్ కొనడానికి అసలు కారణం ఆ గడియారమే. పై 4కి సొంత గడియారం లేదు. కరెంట్ పోయి వస్తే, నెట్ అందేదాకా ఆగిపోయిన టైము దగ్గర్నుంచే లెక్క మొదలుపెడుతుంది. మా వైపు గాలివాన వస్తే కరెంటూ నెట్టూ కలిసే పోతాయి. తెల్లవారుజామున పడాల్సిన తుంపర మధ్యాహ్నం పడితే బెడ్లు పాడైపోతాయి. డీఎస్3231 తేడా ఏడాదికి దాదాపు ఒక నిమిషమే, గుండీ బ్యాటరీ మీద నడిచిపోతుంది. ఇన్నాళ్ళలో టైము తప్పిందని ఒక్కసారి కూడా షెడ్డుకి పరిగెత్తలేదు. పై 5 ఉన్నవాళ్ళకి గడియారం అందులోనే ఉంటుంది, బ్యాటరీ తగిలించుకుంటే చాలు; వాళ్ళు ఈ ఖర్చు గురించి ఆలోచించుకోవాలి.

సైజు హ్యాట్ (పై మీద బిగించే అదనపు బోర్డు) సైజే గానీ, 2014 నాటి హ్యాట్ నిబంధనల్లో చెప్పిన గుర్తింపు ఈప్రామ్ (బోర్డు వివరాలు ఉండే చిన్న మెమరీ చిప్) దీనిమీద లేదు. కాబట్టి పై తనంతట తాను గుర్తుపట్టదు. సెట్టింగుల (కాన్ఫిగ్) ఫైల్లో గడియారం ఉందని చెప్పే ఓవర్‌లే లైను మనమే రాయాలి, గడియారం లేనప్పుడు పాత టైముతో నెట్టుకొచ్చే నకిలీ గడియారం ప్యాకేజీ ఉంటే తీసెయ్యాలి. తగిలించిన చిప్పుల్ని వెతికే ఐటూసీ డిటెక్ట్ కమాండ్ కొడితే, గడియారం చిరునామా అయిన 68 గడిలో ‘యూయూ’ అని వచ్చిందంటే డ్రైవర్ పట్టుకున్నట్టే.

బిగించేటప్పుడు కాస్త ఓపిక కావాల్సింది రెసిస్టెన్సుల దగ్గర. నీలం ఒంటి మీద అయిదు గీతలు. ఒక కిలో ఓమ్‌కీ పది కిలో ఓమ్‌లకీ తేడా నాలుగో గీతలోనే: ఒకదానికి బ్రౌన్, ఇంకోదానికి రెడ్. మా మేనల్లుడు లైటు కింద పట్టుకుని ‘మావయ్యా, ఇది బ్రౌనా, రెడ్డా?’ అని అడుగుతూనే ఉన్నాడు. మల్టీమీటర్ చేతికిచ్చాక పని చకచకా సాగింది. డయోడ్ వెండి గీత ఎటు ఉండాలో బోర్డు మీద అచ్చేశారు, కానీ డయోడ్ పెట్టాక ఆ అచ్చు దానికిందే దాగిపోతుంది. ముందే ఫోటో తీసి ఉంచుకోండి. నలభై పిన్నుల హెడర్‌కి ముందు రెండు మూలలే సోల్డర్ చేసి, పై మీద నిటారుగా కూర్చుందో లేదో చూసుకుని మిగతావి వేస్తే వంకర రాదు.

డిజైన్ చేసినవాళ్ళని మెచ్చుకోవాల్సిన చోటు ఒకటుంది. రిలేలు పై మీదున్న జీపీఐఓ పిన్నుల్లో 17, 27కి కలిపారు. పై ఆన్ అవుతుండగా 0 నుంచి 8 వరకు పిన్నులు హైలోకి (వోల్టేజీ ఉన్న స్థితికి) లాగి ఉంటాయి, 9 నుంచి 27 వరకు లోలో (వోల్టేజీ లేని స్థితిలో) ఉంటాయి. అందుకే కరెంట్ వచ్చిన ప్రతిసారీ రిలేలు టకటకమని కొట్టుకోవు. ఏడీసీకి కూడా 3.3 వోల్టులే ఇచ్చారు, పై పిన్నులు తట్టుకునేది అంతే కాబట్టి వాటికి భయం లేదు. ఎల్ఎం35 వేడి సెన్సార్ పెడితే ఏడీసీ కొలిచే ఒక్కో మెట్టు దాదాపు 0.3 డిగ్రీ, షెడ్డుకి అది ధారాళం.

తక్కువరకం సరుకంటే స్క్రూ టెర్మినల్సే. బోర్డుని షెడ్డు బయట, మూతపెట్టిన డబ్బాలో ఉంచినా మొదటి వానాకాలానికే స్క్రూలకి చిలుము పట్టింది. సోల్డరింగ్ అయ్యాక మిగిలిన ఫ్లక్స్ జిగురుని ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్)తో కడిగి ఉంచాం కాబట్టి బోర్డు మాత్రం శుభ్రంగానే ఉంది. రిలే మీద 10 ఆంపియర్లు అని ఉన్నా పెద్ద మోటారుని నేరుగా కలపకండి, స్టార్టింగ్ కరెంటుకి కాంటాక్టులు అతుక్కుపోతాయి. మేము ఫ్యాన్ నేరుగా ఇచ్చాం, నీటి మోటారుకి మధ్యలో కాంటాక్టర్ (ఎక్కువ కరెంటు తట్టుకునే పెద్ద రిలే) పెట్టించాం.

ఈ ఏడాది ఫ్యాన్ రిలే మొరాయించింది. కాళ్ళు బోర్డుని దూసుకెళ్ళే పెద్ద భాగం కాబట్టి పాతది పీకి కొత్తది వేయడం సాయంత్రంలోపే అయిపోయింది. అదే తయారు బోర్డు అయితే చిన్న చిన్న భాగాలతో మా ఊళ్ళో బాగుచేసేవాళ్ళు దొరకరు. పక్కన ఇంకో షెడ్డు వేస్తున్నాం. దానికీ ఇదే కిట్ ఆర్డర్ పెట్టాను, టెర్మినల్స్ మాత్రం బరంపురంలో ఇత్తడివి విడిగా కొన్నాను.