బరంపురంలో ఒక సాయంకాలపు ఫ్రెంచ్ తరగతి: తాతల వృత్తులను చెప్పించే పాఠం

బరంపురం పెద్దబజారు దగ్గర ఒక మేడమీద నడిచే సాయంకాలపు ఫ్రెంచ్ తరగతిలో, కుటుంబసభ్యులు పూర్వం చేసిన వృత్తుల గురించి మాట్లాడటం నేర్పే పాఠభాగాన్ని ఇటీవల పూర్తిచేశాను. ఫ్రెంచ్ ప్రాథమిక స్థాయి ధ్రువపత్రమైన డెల్ఫ్ ఏ2 పరీక్షకు సిద్ధమయ్యే తెలుగు, ఒడియా విద్యార్థులు ఇక్కడ ఎక్కువగా చేరుతున్నారు. యానాం నుంచి వచ్చి స్థిరపడిన ఉపాధ్యాయురాలు పాఠ్యపుస్తకంలోని రొట్టెల వ్యాపారిని పక్కన పెట్టి, ఎవరి ఇంటి వృత్తిని వారిచేతనే చెప్పిస్తారు. నా దృష్టిలో ఈ తరగతికి ఉన్న అసలు బలం అదే.

మా తాతగారు పట్టుచీరలు నేసేవారు. ఆ సంగతి చెప్పమంటే, ఇంగ్లీషు మీడియంలో చదివిన వారిలో చాలామంది అలవాటు కొద్దీ వృత్తి పేరుకు ముందు ఇంగ్లీషు 'ఎ' లాంటి 'అఁ' ('ఒక') తగిలిస్తారు. 'మోఁ గ్రాఁపేర్ ఎతె తిస్రాఁ' అంటే సరిపోతుందని, 'మా తాత నేతగాడు' అనేటప్పుడు తెలుగులో మనం మాత్రం 'ఒక' వాడుతున్నామా అని ఆవిడ అడుగుతారు. నేర్పరితనాన్ని కూడా చెప్పదలచుకుంటే మాత్రం 'సెతె అఁ బోఁ తిస్రాఁ' (ఆయన మంచి నేతగాడు) అనాలి. అక్కడ 'అఁ' తప్పనిసరి.

భూతకాలాల మధ్య భేదాన్ని వివరించడంలో ఆవిడ తెలుగును వాడుకున్న తీరు నన్ను మరింత ఆకట్టుకుంది. 'నేసేవారు' అన్న అలవాటుకు అఁపర్ఫె అనే భూతకాలం, అంటే 'ఇల్ తిస్సె'. 'ముప్పై ఏళ్లు పనిచేశారు' అని లెక్క తేలిన కాలానికి పాసే కోఁపోజే అనే మరో భూతకాలం, అంటే 'ఇల్ ఆ త్రవాయే త్రాఁతాఁ'. వర్తమానంలోని 'ను తిస్సోఁ' (మేం నేస్తాం) నుంచి చివరి 'ఓఁ' తీసి అఁపర్ఫె ప్రత్యయాలు చేర్చే పద్ధతిని, దానికి లొంగని క్రియ 'ఎత్ర్' (ఉండు) ఒక్కటేనన్న సంగతిని బల్లమీద రాసి చూపిస్తారు. ఇంగ్లీషులో రాసిన వ్యాకరణ పుస్తకాలతో కుస్తీ పట్టిన నాకు ఈ దారి చాలా సులువనిపించింది.

స్త్రీల పనుల దగ్గర పాఠం ఇంకా పదునెక్కుతుంది. నేతగత్తె అయితే 'తిస్రాఁద్' అని చివరి దకారం వినిపించాలి. మా నాయనమ్మ మగ్గమెక్కలేదు, కండెలు చుట్టేది. దానికి వృత్తి పేరు వెతకకుండా, 'ఎల్ ప్రెపారె లే బోబీన్' (ఆవిడ కండెలు సిద్ధం చేసేది) అని చేసిన పనినే క్రియతో చెప్పవచ్చని ఆవిడ చూపించారు. నేత ఇళ్లలో ఆడవాళ్ల శ్రమకు పేరు పెట్టే అలవాటు మనకు ఎటూ లేదు కనుక, ఈ మెలకువ మా బ్యాచ్‌లో చాలామందికి అక్కరకొచ్చింది.

లోపాలూ ఉన్నాయి. 'ఫజె' (చేసేవారు) అని పలకాల్సిన క్రియను రాతను బట్టి 'ఫెజె' అని చదివేవారిని సరిదిద్దడానికి రికార్డింగులేవీ వినిపించరు. డెల్ఫ్ ఏ2 మౌఖిక పరీక్ష మొత్తం ఆరు నుంచి ఎనిమిది నిమిషాలే. కుటుంబం వంటి విషయంపై ఆగకుండా మాట్లాడే భాగమూ అందులోనే ఉంటుంది. అయినా గడియారం పెట్టి సాధన చేయించరు. ఆదివారాల్లో రద్దీ ఎక్కువై, వెనక వరుసలో కూర్చున్నవారికి నోరు తెరిచే వంతే రాదు. చేరదలచినవారు పనిదినాల బ్యాచ్ అడగడం మేలు; రుసుము రెండింటికీ ఒకటే.