సెంటరులో చేరాలా, పుట్టింట్లో ఉండాలా?

మత్తు మానుతున్న తల్లికి శ్రీకాకుళంలో రెండు దారులు: డీ-అడిక్షన్ సెంటరులో చేరడం, లేదా పుట్టింట్లో ఉంటూ పెద్దాసుపత్రి సైకియాట్రీ ఓపీకి తిరగడం.

మద్యం, నిద్రమాత్రలు బాగా అలవాటైతే చేరడమే మేలు. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. అది ఇంట్లో చూసుకునే పని కాదు. ఆడవాళ్లకు వేరే వార్డుందా, బిడ్డను ఉండనిస్తారా అని ముందే అడగండి.

ఆ గండం గడిచాక నా ఓటు పుట్టింటికే. బిడ్డ స్నానం, అన్నం, బడి తల్లి చేతి మీదుగా సాగితే ఆమె రోజు కూడా కుదుటపడుతుంది. అమ్మమ్మ పక్కనుండాలి గానీ పిల్లను లాగేసుకోకూడదు (మన ఊళ్లలో జరిగేది అదే). మగత తెచ్చే మందులు వాడుతుంటే పసిబిడ్డను విడిగా పడుకోబెట్టాలి. పాలిస్తుంటే డాక్టరుకు చెప్పాలి.

పుట్టింట్లో తాగేవాళ్లుంటే మాత్రం ఈ దారి మూసుకున్నట్టే. అప్పుడు మత్తు మానాలనుకునేవాళ్ల కోసం ఉన్న జాతీయ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయండి, ఉచితమే.