ఫోన్‌తో పనిచేసే ఈసీజీ పట్టీ: ఏళ్ల తరబడి వాడాక నా మాట

నాకు గుండె లయ తప్పే జబ్బు (ఏట్రియల్ ఫిబ్రిలేషన్) ఉందని తేలినాక మా అబ్బాయి ఈ పట్టీ కొనిచ్చాడు. హనుమకొండలో మా ఇంట్లో అది మందుల డబ్బా పక్కనే ఉంటుంది. దాని మీది రెండు పలకలకు రెండు చేతుల వేళ్లు 30 సెకన్లు ఆనిస్తే ఫోన్‌లో ఈసీజీ గీత వస్తుంది.

పనితనానికి వంక పెట్టలేను. చలికాలం వేళ్లు పొడిబారితే గీత చెదురుతుంది. కాస్త తడి చేసుకుని, చేతులు బల్ల మీద ఆనించి, మాట్లాడకుండా కూర్చుంటే శుభ్రంగా వస్తుంది. దడ వచ్చి పోయాక దవాఖానకు పోతే అక్కడి ఈసీజీలో చాలాసార్లు ఏమీ దొరకదు. అందుకే దడ ఉన్నప్పుడే తీసిన ఈ గీత మా డాక్టర్‌కు బాగా పనికొస్తోంది.

భయం సంగతే వేరు. మొదట్లో అర్ధరాత్రి కూడా లేచి చూసుకునేదాన్ని. టెన్షన్‌తో గుండె ఇంకా వేగంగా కొట్టుకునేది, ఆ అంకె చూసి మళ్లీ టెన్షన్. ‘అన్‌క్లాసిఫైడ్’ (గీత ఏ రకమో తేల్చలేకపోయానని) అని వస్తే ఒళ్లంతా చెమటలు. చేయి కదిలినా, వేగం బాగా పెరిగినా అలా రావచ్చట. ఆ ముక్క పెట్టెలోని కాగితంలో తెలుగులో ఎక్కడా లేదు.

చివరికి ధైర్యమిచ్చింది గుండె విభాగంలోని ఒక సిస్టర్. చీటీ వెనక రెండు గీతలు గీసింది. ఒకదాంట్లో మొనలు దగ్గరదగ్గరగా ఉన్నా ఎడం సమానం. రెండోదాంట్లో ఎడం ఇష్టమొచ్చినట్టు మారుతోంది. “బతుకమ్మ ఆడొస్తే గుండె ఉరుకుతదమ్మా, దానికి భయపడకు. ఈ రెండోది కనబడితే ఫోన్ చెయ్” అంది. గుండె పై గదులు సరిగ్గా ముడుచుకోకపోతే రక్తం నిలిచి గడ్డకడుతుందని, అది మెదడుకు చేరితే పక్షవాతమని, అందుకే దడ లేని రోజు కూడా రక్తం పలచబడే గోళీ మానొద్దని విడమరిచి చెప్పింది. అంత వివరంగా నాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు దడ అనిపిస్తే కూర్చుని, కాస్త నిమ్మళించాక ఒక్కసారి చూస్తాను. గుండెపోటును కనిపెట్టడం ఈ పట్టీ వల్ల కాదు. ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, మూతి వంకరపోవడం, మాట తడబడటం లాంటివి వస్తే దీన్ని వెతకకుండా 108కి ఫోన్ చేయాలి.

కొనొచ్చు. కానీ ఎప్పుడు చూసుకోవాలో, ఏది వస్తే ఫోన్ చేయాలో ముందు మీ డాక్టర్‌తో తెలుగులో రాయించుకోండి. ఆ కాగితం లేకుండా, భయస్తులైన పెద్దవాళ్ల చేతికి మాత్రం దీన్ని ఇవ్వకండి.