ఏటూరునాగారం దారిలో 200 కిలోమీటర్ల సైకిల్ రైడ్: డబ్బు కట్టేముందు ఇది చదవండి

హనుమకొండ నుంచి ములుగు, రామప్ప, పస్రా, తాడ్వాయి మీదుగా ఏటూరునాగారం వెళ్లి తిరిగివచ్చే 200 కిలోమీటర్ల రైడ్ ఒకదానికి ఈ ఏడాది నేను 2,400 రూపాయలు కట్టి పేరు నమోదు చేసుకున్నాను. మార్చి 8వ తేదీన జరిగిన ఆ రైడ్‌లో నేను ఏటూరునాగారం చేరింది నా సైకిల్ తొక్కుకుంటూ కాదు, ఒక ట్రాలీ ఆటో వెనక కూర్చుని. నిర్వాహకుల పేరు ఇక్కడ రాయడం లేదు. ఫిర్యాదు నడుస్తున్నదన్నది ఒక కారణం. పేరు మార్చుకోవడం వాళ్లకు పోస్టరు మార్చినంత తేలిక కనుక, పేరుకన్నా గుర్తులు చెప్పడమే మీకు ఎక్కువ పనికొస్తుందన్నది రెండో కారణం.

మొదటి గుర్తు పోస్టరులోనే ఉంది, నేనే చదువుకోలేకపోయాను. అందులో మూడు మాటలు పెద్ద అక్షరాలతో అచ్చువేశారు: అంతర్జాతీయ గుర్తింపు గల బ్రెవే, దారి పొడవునా మీ వెంటే సపోర్ట్ వాహనం, మొదట వచ్చిన ముగ్గురికి నగదు బహుమతి. బ్రెవే అంటే నిర్ణీత గడువు లోపల ముగించాల్సిన దూరపు సైకిల్ రైడ్. దాని సంగతి తెలిసినవాళ్లెవరూ ఈ మూడింటినీ ఒకే కాగితం మీద రాయరు. బ్రెవేలను నియంత్రించేది ఫ్రాన్స్‌లోని ఆడాక్స్ క్లబ్ పారిసియన్. మన దేశంలో ఆ రైడ్లు ఆడాక్స్ ఇండియా ర్యాండొన్యూర్స్ ద్వారా జరుగుతాయి. ఆ పద్ధతిలో పోటీ అన్నదే లేదు. మొదట వచ్చినవాడికీ చివరి నిమిషంలో వచ్చినవాడికీ ఒకటే గుర్తింపు. 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 400కు 27, 600కు 40 గంటల గడువు ఉంటుంది, ఆ లోపల ముగించడమే లెక్క. ఇక వెంట నడిచే వాహనం నియమాలకే విరుద్ధం. బయటివాళ్ల సాయం తీసుకోవాలంటే కంట్రోల్ పాయింట్ దగ్గర, అంటే దారిలో రైడర్ల రాకను నమోదు చేసే చోట మాత్రమే తీసుకోవాలి, మధ్యలో పంక్చరైతే ఎవరిది వాళ్లే వేసుకోవాలి. అంటే వెంట కారు నడుస్తుందని చెప్పేది బ్రెవే కాదు, బ్రెవే అయితే కారు నడవదు. సపోర్టుతో నడిచే రైడ్ కూడా మంచిదే, చాలామందికి అదే సరిపోతుంది కూడా. అయితే రెండింటి పేర్లూ కలిపి ఒకే రుసుము వసూలు చేస్తున్నారంటే వాళ్లకు ఆ పని తెలియదనైనా అనుకోవాలి, తెలిసే అలా రాశారనైనా అనుకోవాలి.

ఈ తేడా వట్టి మాటల పట్టింపు కాదు. 200, 300, 400, 600 కిలోమీటర్ల బ్రెవేలు నాలుగూ ఒకే సీజన్‌లో, అంటే నవంబరు 1 నుంచి మరుసటి అక్టోబరు 31 లోపల పూర్తిచేసినవారికే సూపర్ ర్యాండొన్యూర్ గుర్తింపు దక్కుతుంది. నాలుగేళ్లకొకసారి జరిగే 1,200 కిలోమీటర్ల పారిస్–బ్రెస్ట్–పారిస్ గతసారి 2023లో జరిగింది, మళ్లీ 2027లో ఉంది; దానికి వెళ్లాలనుకునేవారు ఆ ఏటి బ్రెవేలు గడువులోపల ముగించి చూపాలి. మన ప్రాంతంలోనూ ఆ ఆలోచనతో సాధన చేస్తున్న కుర్రవాళ్లు ఉన్నారు. గుర్తింపు లేని రైడ్‌ను గుర్తింపు ఉన్నదని నమ్మి తొక్కితే వాళ్లకు పోయేది 2,400 రూపాయలొక్కటే కాదు, ఆ సీజన్ మొత్తం.

రెండో గుర్తు తేదీ. ఈ రైడ్‌ను మొదట జనవరి 25, ఆదివారం నాడు జరుపుతామని ప్రకటించారు. ఈ ఏడాది మేడారం మహాజాతర జనవరి 28 నుంచి 31 దాకా అని నెలల ముందే అందరికీ తెలుసు; రద్దీకి భయపడి ముందే మొక్కులు తీర్చుకునేవాళ్లతో అంతకు ముందటి ఆదివారాల్లోనే గట్టమ్మ గుడి దగ్గర బండ్లు బారులు తీరతాయి. పస్రా నుంచీ తాడ్వాయి నుంచీ మేడారానికి మలుపు ఉన్న ఆ రోడ్డు మీద, జాతరకు మూడు రోజుల ముందు డెబ్బై సైకిళ్లను నడిపిస్తామన్నవాళ్లు ఆ రోడ్డును ఎన్నడూ చూసి ఉండరని మా ఇంట్లోవాళ్లే అన్నారు. నేను మాత్రం ఎలాగూ మారుస్తారులే అని సర్దిచెప్పాను. నిజంగానే మార్చారు, అదీ రైడ్‌కు పది రోజుల ముందు, మార్చి 8కి. కొత్త తేదీ కుదరనివాళ్లు డబ్బు తిరిగి అడిగితే రుసుము వాపసు ఇవ్వబడదన్న ఒక్క వాక్యం పంపారు. జనవరి చలిలో తొక్కాల్సిన దూరం మార్చి ఎండలోకి జరిగినా నీళ్ల ఏర్పాటు, బయలుదేరే సమయం, గడువు ఏవీ మారలేదు.

దారి వివరాలున్న జీపీఎక్స్ ఫైలు రైడ్‌కు ముందు రోజు రాత్రి పదకొండింటికి వచ్చింది. తెరిచి చూస్తే జంగాలపల్లి దగ్గర మళ్లి పాలంపేటలో రామప్ప గుడి దాకా వెళ్లి వెనక్కి రావడం కలుపుకొని మొత్తం దూరం 220 కిలోమీటర్లు దాటింది. గంటకు పదిహేను కిలోమీటర్లు తొక్కేవాడికి అదనంగా వచ్చిన ఆ ఇరవై అంటే గంటా ఇరవై నిమిషాలు. గడువు మాత్రం 200కు ఇచ్చినదే. యునెస్కో 2021లో ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించిన గుడిని చూపించడం మంచి ఆలోచనే, కానీ గడియారంతో పరుగెత్తేవాడు అక్కడ ఏం చూస్తాడో నాకైతే అర్థం కాలేదు. నేను చూసింది చెప్పుల స్టాండు, కొబ్బరిబోండాల బండి.

ఉదయం ఐదింటికి బయలుదేరాలి. నాలుగు ముప్పావుకు చీకట్లో సెల్‌ఫోన్ వెలుతురులో ఒక అంగీకార పత్రం మీద సంతకాలు పెట్టించుకున్నారు. ఇలాంటి పత్రం మంచి నిర్వాహకులూ తీసుకుంటారు, అందులో తప్పులేదు. డబ్బు కట్టేముందు చూపకుండా, చదివే వీలు లేని చోట పెట్టించుకోవడమే తప్పు. జెండా ఊపవలసిన అతిథి ఆలస్యంగా వచ్చారు, తర్వాత ఫొటోలు, తర్వాత ప్రసంగం. కదిలేసరికి ఆరూ నలభై. గడువు ఐదింటి నుంచే లెక్కిస్తామని ములుగు దాటాక తెలిసింది.

జాకారం దగ్గర నాకు మొదటి పంక్చర్ అయింది. నా దగ్గర ఉన్న ఒకే ఒక ట్యూబు అక్కడే వాడేశాను. ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి: ఒంటరిగా వంద కిలోమీటర్లు వెళ్లినప్పుడు కూడా రెండు ట్యూబులు, అతుకుల కిట్టు, టైరు లోపల వేయడానికి కోసిపెట్టుకున్న పాత టైరు ముక్క లేకుండా నేను బయలుదేరను. వాహనంలో మెకానిక్ ఉంటాడు, ట్యూబులు ఉంటాయి, బరువు తగ్గించుకోండి అని వాళ్లు పంపిన సందేశం నమ్మి ఆ రోజు సంచి ఖాళీ చేసుకున్నాను. సపోర్ట్ ఉందన్న మాట మనిషిని ఇలాగే అజాగ్రత్తలో పడేస్తుంది. డెబ్బై మందికి ఉన్నది ఒకే కారు. నగదు బహుమతి పెట్టారు కనుక అది ముందున్న నలుగురి వెంట, వాళ్ల వీడియోలు తీస్తూ పోయింది. వెనక ఉన్నవాళ్లకే సాయం ఎక్కువ అవసరమన్న సంగతి ఆ కారు నడిపేవాళ్లకు తట్టలేదు.

పస్రాలో ఉండాల్సిన నీళ్ల కేంద్రం లేదు. ఫోన్ చేస్తే, "పది నిమిషాల్లో వస్తున్నది సార్, మీరు నడుపుకుంట ఉండండి" అన్నారు. తాడ్వాయిలో ఒక టేబుల్, దాని మీద చల్లారిన పూరీలు, పెట్టెల్లో తియ్యటి పానీయం ప్యాకెట్లు ఉన్నాయి. వాటిని ఓఆర్‌ఎస్ అని చెప్పి పంచుతున్నారు. అసలు ఓఆర్‌ఎస్ అంటే ఒక పొడి ప్యాకెట్‌ను లీటరు నీళ్లలో కలుపుకొని తాగేది. చక్కెర ఎక్కువగా ఉన్న పానీయాల మీద ఆ పేరు వాడకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది, అదీ హైదరాబాద్‌లోని ఒక పిల్లల వైద్యురాలు ఏళ్ల తరబడి పోరాడిన తర్వాత. మండుటెండలో చెమటతో ఉప్పు పోగొట్టుకున్నవాడికి చక్కెర నీళ్లు ఇచ్చి అదే మందు అని నమ్మించడం చిన్న పొరపాటు కాదు. అక్కడి హోటల్ నడిపే పెద్దమ్మ మా అవస్థ చూసి, "గీ ఎండల ఏడికి పోతరు బిడ్డా" అంటూ కుండలోని నీళ్లు ముంచి మా సీసాలు నింపింది. ఆ రోజు నేను తాగిన మంచి నీళ్లు అవే.

తాడ్వాయి దాటి అడవిలోకి వెళ్లాక, ఎదురుగా వచ్చే లారీకి దారి ఇస్తూ రోడ్డు అంచు దిగినప్పుడు రాయి కోసుకొని వెనక టైరు పక్కగోడ చీలిపోయింది. ఫోనుకు సిగ్నల్ లేదు. సైకిల్ నడిపించుకుంటూ నాలుగు కిలోమీటర్ల దాకా వెళ్లాక, చెట్టు కింద పడుకొని వాంతులు చేసుకుంటున్న మరో రైడర్ కనిపించాడు. ఇరవై రెండేళ్లుంటాయి, ఇదే అతనికి మొదటి పెద్ద రైడ్. ఒళ్లు కాలిపోతున్నది, మాట తడబడుతున్నది. అటుగా వచ్చిన ట్రాలీ ఆటో ఆపి ఇద్దరమూ సైకిళ్లతో సహా ఎక్కాము. సిగ్నల్ దొరకగానే 108కి ఫోన్ చేశాను, ఊరి పొలిమేరలో అంబులెన్స్ ఎదురొచ్చింది. ఏటూరునాగారం ప్రభుత్వ ఆసుపత్రిలో సెలైన్ పెట్టి సాయంత్రానికి అతన్ని మనిషిని చేశారు. ఆ ఊళ్లో ఉండాల్సిన కంట్రోల్ పాయింట్‌ను మేము చేరేసరికే ఎత్తేశారు. నిర్వాహకుల కారు రాత్రి తొమ్మిదింటికి వచ్చింది, మా కోసం కాదు, మిగిలిన బ్యానర్ల కోసం.

తర్వాతి సంగతులు రెండు మాటల్లో చెప్పవచ్చు. రుసుములో ప్రమాద బీమా కూడా ఉందన్నారు కదా అని ఆ కుర్రవాడి తండ్రి పాలసీ నంబరు అడిగితే వాట్సాప్‌లో ఒక పత్రం పంపారు. తెరిచి చూస్తే అది ఆ సపోర్ట్ కారుకు చేయించిన బీమా. వారం తర్వాత నాకు ఫినిషర్ పతకమూ, 200 కిలోమీటర్లు విజయవంతంగా పూర్తిచేసినట్టు ధ్రువపత్రమూ కొరియర్‌లో వచ్చాయి. నేను సగం దూరంలోనే ఆగిపోయాను. అసలు బ్రెవే అయితే ఫలితాలు ఆడాక్స్ క్లబ్ పారిసియన్‌కు వెళ్లి, పూర్తిచేసిన ప్రతి ఒక్కరికీ ఒక హోమోలొగేషన్ నంబరు, అంటే అధికారిక గుర్తింపు నంబరు కేటాయిస్తారు. నాకొచ్చిన కాగితం మీద నంబరు లేదు సరికదా నా ఇంటిపేరు కూడా తప్పు.

కాబట్టి డబ్బు కట్టేముందు దయచేసి ఈ పని చేయండి. బ్రెవే అని రాస్తే ఆ తేదీ, ఆ దూరం ఆడాక్స్ ఇండియా క్యాలెండరులో ఉన్నదో లేదో మీరే వెతికి చూసుకోండి. వాళ్లు పంపిన స్క్రీన్‌షాట్‌ను నమ్మవద్దు. సపోర్ట్ రైడ్ అయితే ఎంతమందికి ఎన్ని వాహనాలు, చివరి రైడర్ వెనక నడిచేది ఏది, దాని డ్రైవర్ ఫోన్ నంబరు ఏది అని రాతపూర్వకంగా అడగండి. చివరి వాహనం గురించి తడుముకోకుండా చెప్పగలిగినవాడే నా లెక్కలో నిర్వాహకుడు. జీపీఎక్స్ ఫైలు కనీసం వారం ముందు ఇవ్వాలి. బీమా ఉందంటే పాలసీ పేరు, నంబరు, ఎవరి పేరిట ఉందో చూపమనాలి. వాయిదా పడితే డబ్బు సంగతి ఏమిటో ముందే తేల్చుకోవాలి. గత రైడ్‌లో మధ్యలో ఆగిపోయినవాళ్లలో ఒకరిద్దరితో మాట్లాడించమనండి. పూర్తిచేసినవాళ్లు అందరి గురించీ మంచే చెబుతారు, ఆగిపోయినవాడిని ఎవరు ఇంటికి చేర్చారన్నదే తెలుసుకోవలసిన విషయం. ఎవరు ఎన్ని మాటలు చెప్పినా రెండు ట్యూబులు, పంపు, ముందు వెనక లైట్లు, రిఫ్లెక్టివ్ జాకెట్, మూడు నాలుగు ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్లు, ఇంటి దాకా బండి మాట్లాడుకునేందుకు సరిపడా నగదు మీ దగ్గరే ఉంచుకోండి. అడవిలో యూపీఐ పనిచేయదు.

ఇప్పటికే నష్టపోయినవారు పోస్టరు, చెల్లింపు రసీదు, సందేశాలు చెరపకుండా దాచుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి నమోదు చేయించవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే రెండేళ్ల లోపు ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు ఉంటే ఫీజు కూడా ఉండదు. మేము పదకొండు మందిమి కలిసి ఆ పనిలో ఉన్నాము.

నిన్న ఒక మిత్రుడు కొత్త పోస్టరు పంపాడు. వానలు తగ్గాక కాళేశ్వరం దాకా 300 కిలోమీటర్లు, కొత్త సంస్థ, కొత్త ఫోన్ నంబరు, దారి పొడవునా సపోర్ట్ ఉన్న బ్రెవే అట. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి చూశాను. డబ్బు చేరే ఖాతా మీద మార్చిలో నేను చూసిన పేరే ఉంది.