చవక చైనా బ్రాలు: రెండేళ్లు వాడాక తేలింది ఇదీ

కడప వై.వి. స్ట్రీట్‌లోనూ ఆన్‌లైన్‌లోనూ 150 నుంచి 250 రూపాయలకు దొరికే చైనా బ్రాలు ఆరు, సీమ్‌లెస్ ప్యాంటీలు నాలుగు ఈ రెండేళ్లలో వాడి చూశాం. వీటిలో ముందు చెడేది లేసు కాదు, కప్పూ కాదు, రొమ్ముల కింద చుట్టూ తిరిగే పట్టీ. కొనేటప్పుడు మనం చూసేది మాత్రం లేసునే.

పట్టీ సంగతి అంగట్లోనే తేల్చుకోవచ్చు. రెండు చేతులతో పూర్తిగా లాగి, పది అంకెలు లెక్కపెట్టి వదలండి. వెంటనే మొదటి పొడవుకు రావాలి. అంచు అలలు తేలి అలాగే నిలిచిపోతే వద్దు. లాగేటప్పుడు చిటచిట చప్పుడు వస్తే అసలే వద్దు. అది కుట్టు దారం తెగుతున్న చప్పుడు. సాగే గుడ్డకు జిగ్‌జాగ్ కుట్టు పడాలి. దాని బదులు నేరు కుట్టు వేసి పని ముగించారన్నమాట.

సైజు దగ్గర చాలామంది మోసపోతారు. లేబుల్ మీద 75బి అని ఉంటే ఆ 75 రొమ్ముల కింది చుట్టుకొలత, సెంటీమీటర్లలో. మన లెక్కలో అది 34. అలాగే 80 అంటే 36, 85 అంటే 38. ఆ కొలతకూ రొమ్ముల మీది కొలతకూ తేడా 10 సెంటీమీటర్లుంటే ఎ కప్పు, 12.5 ఉంటే బి, 15 ఉంటే సి. అక్షరం లేకుండా ఉత్త 34/75 అని వేసినవి ఎక్కువగా బి కప్పువే. సి తొడిగేవాళ్లకు రొమ్ములు పక్కల నుంచి పొంగుతాయి. పట్టీ పెద్దది తీసుకుంటే సరిపోతుందనుకోవద్దు, వీపు మీదికి పాకుతుంది. కొత్తది ఎప్పుడూ చివరి హుక్కుకు, అంటే అన్నిటికంటే వదులుగా ఉన్నదానికి, సరిపోవాలి. సాగేకొద్దీ లోపలి హుక్కులకు జరుపుకుంటాం.

వైరు ఉన్నవాటిలో చంక వైపు కొసను బొటనవేలితో నొక్కి చూడండి. కొసకు ప్లాస్టిక్ తొడుగు, దాని పైన దట్టమైన అడ్డకుట్టు ఉండాలి. మేం వాడిన వైరు బ్రాలు మూడింట్లో రెండిటికి వైర్లు ఐదో నెలకే అక్కడ గుడ్డను పొడుచుకుని బయటికొచ్చాయి. వైరును లోపలికి తోసి, చిన్న గుడ్డముక్క పెట్టి పదిపన్నెండు కుట్లు గట్టిగా వేస్తే ఇంకో రెండు నెలలు నడుస్తుంది. తుప్పు కనిపిస్తే మాత్రం రెండు వైపులా వైర్లు లాగేయడమే.

మన ఎండ, మన బోరు నీళ్లు వీటికి పెద్ద శత్రువులు. ఉప్పు నీళ్లలో సబ్బు సరిగా పోదు. ఆ సబ్బుతోనే మే నెలలో మిద్దె మీద ఆరేస్తే ఎలాస్టిక్ జీవం పోతుంది, తెల్ల ఫోమ్ పచ్చబడుతుంది. చన్నీళ్లలో ఐదు నిమిషాలు నానబెట్టి, చేత్తో జాడించి, పిండకుండా తువాలులో అద్ది, నీడలో ఆరేయాలి. తీగ మీద రెండు కప్పుల మధ్యన వేలాడాలి. స్ట్రాపులతో వేలాడదీస్తే నీళ్లు తాగిన ఫోమ్ బరువుకు అవి సాగిపోతాయి. బ్లీచింగ్ అస్సలు వద్దు.

ఐస్ సిల్క్ అనే ప్యాంటీలలో పట్టు పోగు ఒక్కటీ లేదు, నైలాన్, స్పాండెక్స్ అంతే. అంచులు కుట్టరు, జిగురుతో అతికిస్తారు. వేడి నీళ్లు తగిలితే ఆ అతుకే ఊడుతుంది. కాళ్ల మధ్య వచ్చే పొర నూలుదైతేనే తీసుకోండి. అయినా ఎండాకాలానికి పనికిరావు, చెమట పీల్చవు.

ధర లెక్క చూస్తే, 180 రూపాయల బ్రా ఆరు నెలలు నిలిచింది, అంటే నెలకు 30. 450 రూపాయలది పదిహేను నెలలు వచ్చింది, అదీ నెలకు 30. ఆదా ఏమీ లేదు. పెళ్లికో ఫంక్షన్‌కో పలచటి జాకెట్టు కింద ప్యాడ్ ఉన్నది కావాలంటే చవకది చాలు. రోజూ వంటింట్లో, బస్సులో గడిపే ఒంటికి నూలు హోజరీ బ్రానే మేలు. ప్యాకెట్ మీద దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం, ఎమ్మార్పీ ఉండాలని నిబంధన. అవి లేనిది వాపసు ఇవ్వాలంటే అడగడానికి మనిషి ఉండడు.

అన్నిటికంటే లోపలి హుక్కు పెట్టినా పట్టీ కింద నాలుగు వేళ్లు సులువుగా దూరుతుంటే ఆ బ్రా పని అయిపోయినట్టే. స్ట్రాపులు బిగించి నెట్టుకురావద్దు, బరువంతా భుజాల మీద పడి గాడి పడుతుంది.