నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట తోలు బంక: హార్మోనియం పనికి నేను వాడేది ఇదే

కావలిలో హార్మోనియంలు రిపేరు చేస్తాను. పద్య నాటకాల వాళ్లవి, భజన మందిరాలవి ఎక్కువ వస్తాయి. గాలి కొట్టే తిత్తి (బెల్లోస్) మడతలకు తోలు అతికించడానికి, విడిపోయిన చెక్క అతుకులకు స్టోన్‌హౌస్‌పేటలో ఒక పాత కొట్టు వాళ్లు పచ్చితోలు నుంచి సొంతంగా వండి అమ్మే తోలు బంకే వాడతాను.

వాళ్లింట్లో ఇది మూడో తరం. తాత మొదలుపెట్టిన రోజుల్లో వడ్రంగి అన్నవాడికి ఇది లేనిదే పని జరిగేది కాదు. 1959లో ఫెవికాల్ అనే తెల్ల బంక వచ్చింది. వేడి చేసే పని లేదు, వాసన లేదు. వడ్రంగులు మెల్లగా అటు మళ్లారు. తండ్రి హయాంలో బట్టీ ఆపేద్దామనుకున్నారట. వాయిద్యాల పనివాళ్లు వదల్లేదు కాబట్టి కొద్దికొద్దిగా వండుతూ వచ్చారు.

ఆ వంట చూస్తే వీళ్ల మీద గౌరవం పెరుగుతుంది. తమిళనాడులోని వాణియంబాడి వైపు నుంచి పచ్చితోలు ముక్కలు తెప్పిస్తారు. క్రోమ్ రసాయనంతో పదును చేసిన తోలు ముట్టరు, అది కరగదు. ముక్కల్ని వారాల తరబడి సున్నపు నీళ్లలో నానబెట్టి, సున్నం పోయేదాకా కడిగి, సన్నని సెగ మీద కాస్తారు. తెర్లనివ్వరు, తెర్లితే బంకలో పట్టు చస్తుంది. మొదటిసారి కాచి తీసిన బంక, అంటే మొదటి కాపు, లేత రంగులో, గట్టి పట్టుతో వస్తుంది. తర్వాతి కాపులు నల్లబడి బలహీనపడతాయి. వీళ్లు వాటిని కలపకుండా విడివిడిగా అమ్ముతారు. నాకు నచ్చింది ఆ నిజాయితీ. చల్లారి గడ్డకట్టాక పలకలుగా కోసి వలల మీద ఆరబెడతారు. మన ఎండాకాలంలో ఆ పలకలు కరిగిపోతాయి, ఈశాన్య రుతుపవనాల తేమకు బూజు పడతాయి. అందుకే ఇప్పుడు కొట్టు చూసుకునే మనవడు ‘‘సంక్రాంతి పోయినాక రా అన్నా, కొత్త సరుకు ఉంటాది’’ అంటాడు.

ఇంత శ్రమ ఎందుకంటే, ఈ బంక అవసరమైనప్పుడు వదులుతుంది. కాస్త వేడి, కాస్త తడి తగిలిస్తే పాత తోలు చిరగకుండా లేచొస్తుంది. తెల్ల బంకతో అతికించిన పెట్టె విప్పబోతే చెక్క పొరలుగా లేచిన సందర్భాలు చూశాను. పాతకాలపు టేకు పెట్టె అలా పాడైతే ప్రాణం ఉసూరుమంటుంది.

వాడేవాళ్లకు: రాత్రి చన్నీళ్లలో నానబెట్టండి. పొద్దున వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించండి, 60 డిగ్రీలు చాలు. చల్లారేలోపే అతికించాలి కాబట్టి ముక్కలన్నీ ముందే కోసి పెట్టుకోవాలి. కరిగించినది మన వేడికి ఒకటి రెండు రోజుల్లో కుళ్లుతుంది, కావలసినంతే కలుపుకోండి. వానకు తడిసే తలుపులకు, కిటికీలకు మాత్రం వద్దు.

లోపమంటే ప్యాకింగే. పలకల్ని న్యూస్‌పేపర్లో చుట్టి ఇస్తారు, పొట్లం మీద ఏ కాపో రాయరు. అడిగి రాయించుకోండి. ధర తెల్ల బంక కంటే ఎక్కువే. హార్మోనియం, వీణ, వయొలిన్ పని చేసేవాళ్లు మాత్రం మొదటి కాపే కొనండి. ఇంటికి రాగానే మూత బిగుతుగా ఉండే సీసాలో వేసుకోండి.