బ్రూక్లిన్‌లో ఒక కోషర్ బీరు, రెండో ప్రయత్నంలో

న్యూయార్క్ ట్రిప్‌కి నేను రాసుకున్నవి మూడే: బ్రూక్లిన్ బ్రిడ్జి మీద నడక, బ్రూక్లిన్ మ్యూజియం, ఒక గోల్డ్‌స్టార్ బీరు. మూడోది చూసి మా ఆవిడ, "బీరు తాగడానికి షార్లెట్ నుంచి ఫ్లైటెక్కాలా?" అంది. ఆఫీసులో ఇజ్రాయెల్ అతను ఒకడు ఏడాదిగా ఊరిస్తున్నాడు మరి. ఇజ్రాయెల్‌లోని నెతన్యాలో కాచే బీరు, పైగా కోషర్, అంటే యూదుల ఆహార నియమాలకి సరిపోయేది అంటాడు. ఆ కోషర్ అన్న మాట దగ్గరే నేను పడిపోయాను. రుచిలో ఏదో తేడా ఉండి తీరుతుందనుకున్నాను.

వెళ్ళింది 2024 నవంబరులో. 30 రోజులకి తక్కువగా ఇళ్ళు అద్దెకివ్వడం మీద న్యూయార్క్ 2023లో రూల్స్ బిగించింది. అందుకని డౌన్‌టౌన్ బ్రూక్లిన్‌లో హోటలే తీసుకున్నాం. సూట్‌కేసు తెరిస్తే బాత్రూమ్ తలుపు తెరుచుకోని గది. బుకింగ్‌లో ఎక్కడో అడుగున చిన్నక్షరాల్లో ఉన్న ఫీజు కౌంటర్ దగ్గర రోజుకి 35 డాలర్లయి బయటపడింది. దేనికంటే జిమ్‌కట, రెండు నీళ్ళ సీసాలకట. పదికి ఐదు మార్కులు, అవి కూడా సబ్‌వే స్టేషన్ మూడు నిమిషాల నడకలో ఉన్నందుకే.

శుక్రవారం మ్యూజియంలో కాళ్ళీడ్చుకుంటూ తిరిగి, తీరిగ్గా నాలుగింటికి 3 నంబరు రైల్లో కింగ్‌స్టన్ అవెన్యూలో దిగాం. ఆ పేట పేరు క్రౌన్ హైట్స్, చబాద్ అనే నిష్ఠాపరులైన యూదుల శాఖకి కేంద్రం. ఈస్టర్న్ పార్క్‌వేలో 770 నంబరు ఎర్ర ఇటుకల భవనమే వాళ్ళ ప్రధాన స్థానం. వీధంతా ఒకటే ఉరుకులు. పూలు, రొట్టెలు చేతపట్టుకుని జనం ఇళ్ళకి పరుగెడుతున్నారు, షట్టర్లు పడుతున్నాయి. నాలుగున్నరకల్లా సూర్యాస్తమయం, దాంతోనే షబ్బత్, అంటే శనివారం చీకటి పడేదాకా యూదులు పనులన్నీ ఆపేసే విశ్రాంతి రోజు. నేను చూసుకున్న రెస్టారెంటులో కుర్రాడు కుర్చీలు టేబుళ్ళ మీదికి ఎత్తుతూ "సండే" అన్నాడు. తిరుమల వెళ్ళేవాడు దర్శనం వేళలు కనుక్కోకుండా వెళ్తాడా? తప్పు నాదే. మా ఆవిడ ఏమీ అనలేదు, అదింకా కష్టం.

ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ 2.90 డాలర్ల టికెట్టు. ఈసారి తెరిచి ఉంది. అది డైరీ రెస్టారెంట్, అంటే మాంసం వంటగది గడప తొక్కదు. కోషర్‌లో పాలూ మాంసమూ కలవవు, గిన్నెలు కూడా వేరే. మా నాయనమ్మ మడి గిన్నెలు గుర్తొచ్చాయి. శాకాహారులకి ఇలాంటి చోటు హాయే, ఒక్క మెలిక తప్ప: చేపని వాళ్ళు మాంసం కింద లెక్కపెట్టరు, కాబట్టి మెనూలో ఉంటుంది. ఆర్డరిచ్చే ముందే చెప్పండి.

మూల సింకు దగ్గర రెండు చెవుల చెంబు ఒకటుంది. రొట్టె తినే ముందు దాంతో ఒక చేతి మీద, తర్వాత రెండో చేతి మీద నీళ్ళు పోసుకుంటున్నారు. ఒకసారి అలా పట్టుకుని చూద్దునా అనిపించింది గానీ, మొహమాటపడి మామూలుగానే కడుక్కున్నాను.

బీరు వచ్చింది. 330 మి.లీ. సీసా, 9 డాలర్లు, లేబుల్ మీద హీబ్రూ అక్షరాలు. పేరుకి డార్క్ లాగర్, అంటే లాగర్ రకంలో ముదురు రంగు బీరు, గ్లాసులో పోస్తే పాలు కలపని టీ రంగు. 4.9 శాతం ఆల్కహాల్. వేయించిన ధాన్యం వాసన, నాలుక మీద కాస్త పాకం తీపి, చివర్లో పిసరంత చేదు. బాగుంది. అంతే, బాగుంది. ఆ తేడా కోసం రెండు గుటకలు వెతికి వెయిటర్‌నే అడిగాను. నవ్వాడు. నీళ్ళు, బార్లీ, హాప్స్, ఈస్టు తప్ప ఇంకేమీ కలపని బీరైతే ముద్ర లేకపోయినా మామూలుగా కోషర్ కిందే లెక్కట. పళ్ళ ఫ్లేవర్లు కలిపినా, మిల్క్ స్టౌట్ అనే నల్ల బీరులో లాగా పాల చక్కెర వేసినా అప్పుడు విచారణ మొదలవుతుంది. పట్టింపంతా వైన్‌తోనే. కాచని వైన్‌ని యూదులు కానివాళ్ళు వంపితే నిష్ఠగా ఉండేవాళ్ళు తాగరు. బీరుకి ఆ గొడవ లేదు. ఒక్క పాసోవర్ పండగ రోజుల్లో మాత్రం పులిసిన బార్లీ గనక ఇంట్లోనే ఉంచుకోరు. అంటే మా ఇంటి ఫ్రిజ్‌లో ఉన్న మామూలు లాగర్ కూడా ఇన్నాళ్ళూ కోషరే!

మా ఆవిడ అప్పటికే మలవాఖ్‌లో మునిగిపోయింది. యెమెన్ యూదుల రొట్టె, అచ్చం మన పొరల పరోటా. పక్కన గుడ్డు వద్దన్నాం, తురిమిన టమాటా, స్ఖుగ్ ఉంచమన్నాం. స్ఖుగ్ అంటే పచ్చిమిర్చి, కొత్తిమీర, వెల్లుల్లి నూరిన పచ్చడి. గుంటూరు నాలుకని కూడా ఒక్క క్షణం ఆపింది. ఆ మంట మీద గోల్డ్‌స్టార్ ఒక గుటక పడితే, అప్పుడు తెలిసింది ఈ బీరు దేనికో. ఒట్టిగా తాగితే పదికి ఆరు, స్ఖుగ్‌తో ఎనిమిది.

మాటల్లో గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిమ్ యూదులు ఉన్నారని, వాళ్ళకో ప్రార్థనా మందిరం ఉందని చెప్పాను. వెయిటర్ నమ్మలేదు. ఫోన్‌లో వెతికి చూసుకుని, వంటగదిలోంచి ఇంకొకణ్ణి పిలుచుకొచ్చి చూపించాడు.

బిల్లు ఇద్దరికీ 58 డాలర్లు, 20 శాతం టిప్పు అదనం. సర్వీసుకి పదికి తొమ్మిది. వచ్చేటప్పుడు మా ఆవిడ పెద్ద డబ్బా స్ఖుగ్ కొని చేతిసంచిలో పెట్టుకుంది. 100 మి.లీ. దాటిందని ఎయిర్‌పోర్ట్ సెక్యూరిటీలో తీసి పక్కన పెట్టేశారు. నేను ఏమీ అనలేదు.